ఇల్లు ఖాళీ చేస్తున్నారా.. కాగితం మీద పెట్టండి

* అప్పగింత పత్రం ఉంటే అడ్వాన్సు తగాదాకు తావుండదు
* సాధారణ అరుగుదల, తుపాను నష్టం అద్దెదారుపై వేయరాదంటున్న చట్టం
* యజమానికీ, అద్దెదారుకూ రక్ష ఒకే కాగితం

శ్రీకాకుళం, విజయనగరం: సామాను లారీకెక్కింది. పిల్లలు ముందు సీటులో కూర్చున్నారు. కొత్త ఇంట్లో పాలు పొంగించే ముహూర్తం దగ్గర పడుతోంది. తాళాలు చేతికిచ్చి, అడ్వాన్సు సొమ్ము అందుకుని బయలుదేరడమే మిగిలింది. సరిగ్గా అప్పుడే ఇంటి యజమాని గదులన్నీ ఒకసారి తిరిగి వస్తారు. ‘ఇదేటి మాస్టారూ.. గోడలిలాగైపోనాయి?’ అంటారు. ‘మేం దిగిన్నాటికే అలాగున్నాయండీ’ అని అద్దెదారు జవాబిస్తారు. అంతవరకు పండక్కి పిండివంటలు ఇచ్చిపుచ్చుకున్న రెండు కుటుంబాల మధ్య మాట పెరగడానికి ఈ రెండు వాక్యాలు చాలు.

పాఠశాలలకు వేసవి సెలవులు ఇచ్చింది మొదలు ఆషాఢం వచ్చేలోగా రెండు జిల్లాల పట్టణాల్లోనూ ఇళ్లు మారే సందడి ఎక్కువ. బదిలీ అయిన ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, ఎచ్చెర్లలోని విశ్వవిద్యాలయం, రాజాంలోని ఇంజినీరింగు కళాశాల, విజయనగరంలోని విద్యాసంస్థల్లో చదువు ముగించుకున్న విద్యార్థులు, పైడిభీమవరం పరిశ్రమల్లో పనిచేసేవారు.. ఇలా ఎందరో ఒక ఇల్లు వదిలి మరో ఇంటికి చేరుతుంటారు. వీరిలో చాలామందికి పాత ఇంటి అడ్వాన్సు చేతికొస్తేనే కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టే వీలుంటుంది. ఆ సొమ్ములో సగం కోత పడితే నెల బడ్జెట్టు తలకిందులవుతుంది. మరోవైపు పదవీ విరమణ సొమ్ముతో పైన ఒక పోర్షను వేసుకుని, ఆ అద్దెతోనే మందులూ మాకులూ వెళ్లదీసే పెద్దవారూ ఉన్నారు. పగిలిన సింకు, కాలిన స్విచ్‌బోర్డు బాగుచేయించడం వారికీ భారమే.

ఇరువురి మాటలో ఎవరిది నిజమో తేల్చగల సాధనం ఒక్కటే. ఇల్లు తీసుకున్న నాడు ఎలా ఉంది, వదిలిన నాడు ఎలా ఉంది అని రాసి, ఇద్దరూ సంతకం చేసిన కాగితం. ఖర్చు దాదాపు లేని ఈ పని మన ప్రాంతంలో అరుదుగా జరుగుతోంది.

చట్టం ఏమంటోంది?

అద్దె వ్యవహారాలకు పునాది వంటిది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులోని 108వ సెక్షన్ యజమాని, అద్దెదారుల హక్కులు, బాధ్యతలను వివరిస్తుంది. వేరే ఒప్పందం గానీ, స్థానిక ఆచారం గానీ లేనప్పుడు ఈ సెక్షన్‌లోని నియమాలు వర్తిస్తాయి. వాటిలో ‘ఎం’ క్లాజు ప్రకారం.. అద్దెదారు ఆస్తిని తన స్వాధీనంలోకి తీసుకున్న నాడు ఎంత మంచి స్థితిలో ఉందో, గడువు ముగిసిన నాడు అంతే మంచి స్థితిలో తిరిగి అప్పగించాలి. దీనికి రెండు మినహాయింపులున్నాయి. ఒకటి, సహేతుకమైన వాడకం వల్ల కలిగే అరుగుదల. రెండోది, మనిషి ఎదిరించలేని శక్తి వల్ల కలిగిన మార్పు.

ఇదే క్లాజు యజమానికీ కొన్ని హక్కులిచ్చింది. అద్దె కాలంలో సహేతుకమైన వేళల్లో వచ్చి ఇంటి స్థితిని చూసుకోవచ్చు. లోపం కనిపిస్తే నోటీసు ఇవ్వవచ్చు. ఆ లోపం అద్దెదారు చర్య వల్లో, నిర్లక్ష్యం వల్లో ఏర్పడినదైతే, నోటీసు అందిన మూడు నెలల్లోగా అద్దెదారే బాగుచేయించాలి.

మరో రెండు క్లాజులు కూడా తెలుసుకోదగినవి. యజమాని చేయించాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చినా సకాలంలో చేయించకపోతే, అద్దెదారే చేయించి ఆ ఖర్చును అద్దెలోంచి మినహాయించుకోవచ్చని ‘ఎఫ్’ క్లాజు చెబుతోంది. అద్దెదారు తాను అమర్చుకున్న వాటిని స్వాధీనం వదలక ముందే తీసుకుపోవచ్చని, అయితే ఇంటిని తాను తీసుకున్న నాటి స్థితిలోనే విడిచి వెళ్లాలని ‘హెచ్’ క్లాజు చెబుతోంది. అంటే సొంత డబ్బుతో పెట్టించుకున్న గీజరును విప్పుకుపోవచ్చు. గోడకు పడిన రంధ్రాలు మాత్రం పూడ్పించాలి.

ఇన్ని చెప్పిన చట్టం ఒక విషయాన్ని మనకే వదిలేసింది. ‘తీసుకున్న నాటి స్థితి’ ఏమిటో అది చెప్పలేదు. చెప్పలేదు కూడా. దాన్ని రాసి ఉంచుకోవాల్సింది ఇరుపక్షాలే.

‘మంచి స్థితి’ అంటే?

పదకొండు నెలల ఒప్పంద పత్రాలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. పేర్లు, అద్దె, అడ్వాన్సు మొత్తం మాత్రమే మారుతుంటాయి. ఇల్లు మంచి స్థితిలో ఉండగా తీసుకున్నామని, అదే స్థితిలో అప్పగిస్తామని అద్దెదారు రాసిచ్చే వాక్యం ఒకటి వాటిలో తప్పక ఉంటుంది. సంతకం చేసే నాడు ఎవరూ దానిని పట్టించుకోరు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

వంటగదిలో కుళాయి కారుతున్నా, పడకగది మూలన చెమ్మ దిగుతున్నా, కిటికీ అద్దం ముందే బీటలిచ్చినా.. కాగితం మీద మాత్రం ఇల్లు ‘మంచి స్థితి’లో ఉన్నట్లే లెక్క. మూడేళ్ల తర్వాత ఆ చెమ్మ పాతదేనని చెప్పడానికి అద్దెదారు దగ్గర ఆధారం ఉండదు. అలాగే అద్దెదారు పగలగొట్టిన టైలు ముందు బాగానే ఉండేదని చెప్పడానికి యజమాని దగ్గరా ఆధారం ఉండదు. కాగితం లేనిచోట జ్ఞాపకమే సాక్ష్యమవుతుంది. సొమ్ము ఎవరి చేతిలో ఉంటే వారి జ్ఞాపకమే చివరకు చెల్లుతుంది. అడ్వాన్సు యజమాని చేతిలో ఉంటే ఆయన మాట, ఆఖరి రెండు నెలల అద్దె ఎగ్గొట్టి కూర్చుంటే అద్దెదారు మాట నెగ్గుతున్నాయి. రెండూ న్యాయం కాదు.

అరుగుదల ఏది.. నష్టం ఏది?

అప్పగింత వేళ వచ్చే తగాదాల్లో అధిక భాగం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. మామూలుగా కాపురం చేస్తే కాలక్రమంలో దానంతట అది వచ్చే మార్పు అరుగుదల. అజాగ్రత్త వల్లో, దుర్వినియోగం వల్లో వచ్చేది నష్టం.

* గోడల రంగు వెలియడం, దేవుడి గూటి దగ్గర కొద్దిగా మసి, క్యాలెండరు మేకు గుర్తు అరుగుదల. పిల్లల రంగు పెన్సిళ్లతో నిండిన గోడ, డ్రిల్లింగు యంత్రంతో పడిన పెద్ద రంధ్రాలు నష్టం.
* నడిచిన దారిలో గచ్చు నునుపెక్కడం అరుగుదల. రోలు, గ్యాసు సిలిండరు పడి టైలు పగలడం నష్టం.
* కుళాయి వాషరు అరిగిపోవడం వాడకంలో సహజం. కుళాయే విరిగిపోవడం వేరు.
* సముద్రపు గాలికి కిటికీ గ్రిల్ తుప్పు పట్టడం తీరప్రాంతంలో ఎవరి తప్పూ కాదు. గ్రిల్‌ను వంచేయడం, కోసేయడం నష్టమే.
* శ్లాబు పెచ్చులూడటం, గోడలోంచి చెమ్మ దిగడం కట్టడానికి సంబంధించినవి. స్నానాల గది నీరు రోజుల తరబడి గదిలోకి పారుతున్నా చెప్పకుండా వదిలేస్తే అద్దెదారుకూ అందులో పాలుంటుంది.

ఏ మరమ్మతు ఎవరిదన్న విషయంలో కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఒక మంచి జాబితా ఇచ్చింది. ఇది రాష్ట్రాలు స్వీకరించేందుకు రూపొందించిన నమూనా మాత్రమే. దానంతట అది మన ఇళ్లకు వర్తించదు. అయినా ఇద్దరూ అంగీకరిస్తే కొలబద్దగా పనికొస్తుంది. ఆ జాబితా ప్రకారం కట్టడపు మరమ్మతులు, గోడలకు వెల్ల, తలుపులు కిటికీలకు రంగు, అవసరమైనప్పుడు నీటి గొట్టాల మార్పు, విద్యుత్తు వైరింగు యజమాని బాధ్యత. కుళాయిలు, వాటి వాషర్లు, కాలువల శుభ్రత, మరుగుదొడ్డి, సింకు, గీజరు, స్విచ్చులు, సాకెట్లు, వంటగది అమరికలు, తలుపుల తాళాలు, గొళ్లేలు, దోమల జాలీలు, కిటికీ అద్దాల బాధ్యత అద్దెదారుది. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని, ఇల్లు స్వాధీనం చేసుకున్న రోజునే న్యాయమైన మినహాయింపులు పోను మిగిలిన సొమ్ము తిరిగి ఇవ్వాలని కూడా ఆ నమూనా చెబుతోంది.

ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు కింద ఒక నెల అద్దె పట్టుకోవడం కొన్నిచోట్ల వాడుకగా ఉంది. స్థానిక ఆచారానికీ చట్టం కొంత విలువనిచ్చింది. కనుక అలాంటి షరతు ఉందా, లేదా అన్నది దిగే నాడే అడిగి, ఒప్పందంలో రాయించుకోవాలి. వెళ్లే నాడు తెలుసుకుంటే ప్రయోజనం లేదు.

తుపాను జిల్లాల్లో మరింత అవసరం

మనిషి ఎదిరించలేని శక్తి అన్న మాట ఇతర ప్రాంతాల వారికి పుస్తకంలో వాక్యం కావచ్చు. ఉత్తరాంధ్ర వాసులకు మాత్రం అది అనుభవం. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన పైలిన్ ధాటికి ఇచ్ఛాపురం, సోంపేట ప్రాంతాలు దెబ్బతిన్నాయి. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనూ వదల్లేదు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ ఉద్దానాన్ని అతలాకుతలం చేసింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ వచ్చింది. ఇవి కాక నాగావళి, వంశధార వరదలు సరేసరి.

ఇలాంటి గాలివానకు రేకులు లేచిపోయినా, పెంకులు పగిలినా, కిటికీ అద్దాలు రాలినా, వరద నీటికి గోడ ఉబ్బినా.. ఆ నష్టాన్ని అద్దెదారు అడ్వాన్సులోంచి పట్టుకోవడం 108వ సెక్షన్ స్ఫూర్తికి విరుద్ధం. ఇంటిలో ప్రధాన భాగం పూర్తిగా ధ్వంసమై, నివాసానికి శాశ్వతంగా పనికిరాకుండా పోతే అద్దె ఒప్పందాన్ని రద్దు చేసుకునే అవకాశాన్నీ అదే సెక్షన్‌లోని ‘ఇ’ క్లాజు అద్దెదారుకు కల్పించింది. ఆ నష్టానికి అద్దెదారు తప్పిదమే కారణమైతే మాత్రం ఈ అవకాశం ఉండదు.

అయితే ఒక మెలిక ఉంది. తుపాను అక్టోబరులో వస్తుంది. ఇల్లు ఖాళీ చేసేది ఏ మే నెలలోనో, రెండేళ్ల తర్వాతో. అప్పటికి పగిలిన సన్‌షేడ్ గాలికి విరిగిందా, అద్దెదారు దాని మీద బరువు పెట్టడం వల్ల విరిగిందా అన్నది ఎవరికీ గుర్తుండదు. అందుకే తుపాను వెలిసిన రెండు మూడు రోజుల్లోపే ఇల్లంతా ఫొటోలు తీసి, జరిగిన నష్టాన్ని వరుసగా రాసి యజమానికి తెలియజేయాలి. దూరాన ఉండే యజమానికి ఫోను సందేశంగా పంపినా చాలు. తేదీతో సహా అది నిలిచి ఉంటుంది. నష్టపరిహారం కోసం లెక్కలు రాసే సిబ్బంది వచ్చినప్పుడు ఇంటి యజమానికీ ఆ వివరాలు అక్కరకొస్తాయి.

మూడు విడతల్లో నమోదు

అప్పగింతను ఆఖరి గంటకు వదిలేయకుండా మూడు విడతలుగా జరుపుకోవడం మేలు.

మొదటి విడత.. దిగిన నాడు: సామాను లోపలికి చేర్చక ముందే, ఖాళీ ఇంటిని గది గదికీ చూసి లోపాలు రాసుకోవాలి. అప్పుడు రాసుకోలేకపోతే మొదటి వారంలోనైనా చూసి, జాబితా యజమానికి పంపాలి. ఇప్పటికే అద్దెకుంటున్నవారు ఈ రోజు స్థితినైనా రాసి సంతకాలు తీసుకోవచ్చు. అసలు లేనిదానికంటే అది నయం.

రెండో విడత.. ఖాళీ చేయడానికి పదిహేను రోజుల ముందు: నెలవారీ అద్దెకు వేరే ఒప్పందం లేనప్పుడు పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షన్ చెబుతోంది. ఆ నోటీసు ఇచ్చిన వెంటనే యజమానిని పిలిచి ఇల్లు చూపించాలి. ఏమేం బాగుచేయించాలో అప్పుడే తేలితే, అద్దెదారు తనకు తెలిసిన ప్లంబరుతో, ఎలక్ట్రీషియన్‌తో తక్కువ ఖర్చుతో చేయించుకునే వ్యవధి ఉంటుంది. చివరి రోజున చెబితే యజమాని వేసిన లెక్కే ఖాయమవుతుంది.

మూడో విడత.. తాళాలిచ్చే నాడు: సామానంతా బయటికి వెళ్లాక, ఇల్లు ఊడ్చి కడిగాక, పగటి వెలుతురులో ఇద్దరూ కలిసి చూడాలి. బీరువా వెనుక గోడ, మంచం కింద గచ్చు సామాను ఉండగా కనిపించవు. విద్యుత్తు సరఫరా ఉన్న వేళ చూస్తే ఫ్యాన్లు, లైట్లు, మోటారు వేసి పరీక్షించవచ్చు.

ఈ పరిశీలనలో మరువకూడనివి ఇవి.

* గోడలు, పైకప్పు: చెమ్మ, బీటలు, పెచ్చులు, రంధ్రాలు
* గచ్చు, టైల్స్: పగుళ్లు, మరకలు
* తలుపులు, కిటికీలు: గొళ్లేలు, బోల్టులు, తాళాలు, అద్దాలు, జాలీలు
* విద్యుత్తు: స్విచ్‌బోర్డులు, ఫ్యాన్లు, లైట్లు, గీజరు
* నీరు: కుళాయిలు, సింకు, మరుగుదొడ్డి ఫ్లష్, మోటారు, పైన ట్యాంకు, దాని మూత
* బయట: మెట్లు, పిట్టగోడ, గేటు, మొక్కలు
* తాళంచెవులు: ఏ తలుపునకు ఎన్ని ఇచ్చారు, ఎన్ని తిరిగి వచ్చాయి

కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ క్వార్టర్లలో ఉండి వచ్చినవారికి ఇలాంటి జాబితాలు కొత్త కాదు. ప్రైవేటు ఇళ్లకూ అదే క్రమశిక్షణ తెచ్చుకోవాలంతే.

మీటరు అంకె మరువొద్దు

అప్పగింత రోజున విద్యుత్తు మీటరులోని అంకెను, సర్వీసు నెంబరు కనిపించేలా ఫొటో తీసి పత్రంలో రాయాలి. సబ్‌మీటరు ఉంటే దాని అంకె కూడా రాయాలి. నెల మధ్యలో ఖాళీ చేస్తే అప్పటివరకు వాడిన యూనిట్లకు లెక్కగట్టి అక్కడికక్కడే చెల్లించవచ్చు.

ఇక్కడ మరో సంగతి ఉంది. గత వాడకంపై సర్దుబాటు ఛార్జీలు తర్వాతి బిల్లుల్లో వచ్చి పడటం రాష్ట్రంలో అందరికీ అనుభవమే. 2014-19 మధ్య వాడిన విద్యుత్తుకు సంబంధించిన సర్దుబాటు సొమ్మును 2022 ఆగస్టు నుంచి బిల్లుల్లో వసూలు చేశారు. అప్పటికి ఎన్నో ఇళ్లలో అద్దెదారులు మారిపోయారు. ఎవరో వాడిన విద్యుత్తుకు ఎవరో కట్టాల్సి వచ్చింది. కనుక ఖాళీ చేసిన తర్వాత వచ్చే సర్దుబాటు మొత్తాన్ని ఎవరు భరించాలో పత్రంలో ఒక వాక్యం రాసుకుంటే ఇద్దరికీ మనశ్శాంతి. నీటి బిల్లు, కేబులు, ఇంటర్నెట్ బకాయిలు లేవని కూడా రాయాలి.

ఫొటోలు తీస్తే చాలా?

చేతిలో ఫోను ఉంది కదా అని పది ఫొటోలు తీసి ఊరుకుంటే చాలదు. ప్రతి గదినీ గుమ్మంలో నిలబడి ఒకటి, నాలుగు గోడలకు నాలుగు, లోపం ఉన్నచోట దగ్గరగా ఒకటి తీయాలి. దగ్గర నుంచి తీసిన ఫొటో ఒక్కటే ఉంటే అది ఏ గది గోడో చెప్పలేం. బీట పొడవు తెలిసేలా పక్కన స్కేలో, అగ్గిపెట్టో పెట్టి తీస్తే మంచిది. వీధి గుమ్మం నుంచి మొదలుపెట్టి ఆగకుండా ఇల్లంతా తిరుగుతూ వీడియో తీస్తే, మధ్యలో ఏదీ దాచలేదని తెలుస్తుంది.

తీసినవాటిని ఆ రోజే అవతలివారికి పంపాలి. ఇద్దరి దగ్గరా ఒకే ప్రతి ఉంటే తర్వాత మార్చారన్న అనుమానానికి తావుండదు. ఫోను మార్చేటప్పుడు అసలు ఫొటోలు పోకుండా భద్రపరచాలి. వ్యవహారం న్యాయస్థానానికి వెళ్తే ఎలక్ట్రానిక్ ఆధారాలకు ప్రత్యేక నిబంధన ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం వాటితో పాటు ధ్రువపత్రం దాఖలు చేయాలి. అందుకే ఫొటోలు ఎన్ని ఉన్నా, సంతకాలున్న కాగితానికి సాటిరావు. కాగితం ఇద్దరి అంగీకారాన్ని తెలుపుతుంది. ఫొటోలు దానికి బలాన్నిస్తాయి.

పత్రం ఎలా రాయాలి?

తెల్ల కాగితం మీద తెలుగులో రాసుకుంటే సరిపోతుంది. నమూనా ఇలా ఉండవచ్చు.

‘ఫలానా పట్టణం, ఫలానా వీధి, ఫలానా డోరు నెంబరు గల ఇంటిని అద్దెదారు ఈ తేదీ, ఈ గంటకు ఖాళీ చేసి యజమానికి అప్పగించడమైనది. ఇల్లు తీసుకున్న తేదీ ఇది. ఇద్దరమూ కలిసి అన్ని గదులూ చూశాము. హాలు: గోడలు బాగున్నవి, తూర్పు గోడకు రెండు మేకు రంధ్రాలు. వంటగది: సింకు బాగున్నది, కిటికీ అద్దం ఒకటి పగిలినది. పడకగది: ఉత్తరపు మూల చెమ్మ, ఇది దిగిన నాటికే ఉన్నది. విద్యుత్తు మీటరు అంకె ఇంత. తాళంచెవులు ఇన్ని ముట్టినవి. అడ్వాన్సు మొత్తం ఇంత, మినహాయింపులు ఇవి, తిరిగి చెల్లించినది ఇంత, చెల్లించిన విధానం ఇది. ఇకపై ఈ ఇంటి విషయమై ఒకరికొకరం బాకీ లేము.’

కింద ఇద్దరి సంతకాలు, తేదీ, ఇరుగుపొరుగు వారిలో ఇద్దరి సాక్షి సంతకాలు ఉండాలి. రెండు ప్రతులు రాసి చెరొకటి ఉంచుకోవాలి. ఏదైనా అంశంపై ఏకాభిప్రాయం కుదరకపోతే దానిని వదిలేయకుండా, ‘దీనిపై ఇద్దరికీ భిన్నాభిప్రాయం ఉన్నది’ అని రాయడమే సరైన పద్ధతి. సొమ్ము చేతికందక ముందే బాకీ లేదన్న వాక్యం మీద సంతకం చేయడం అద్దెదారుకు క్షేమం కాదు.

కోత ఎంత న్యాయం?

ఒక ఉదాహరణ చూద్దాం. అడ్వాన్సు రూ.15,000. నాలుగేళ్లు కాపురం ఉన్నారు. హాలు గోడలను పిల్లలు పాడుచేశారు. ఆ గోడలకు తిరిగి రంగు వేయడానికి రూ.5,000 అవుతుంది. ఆ మొత్తమంతా అద్దెదారే ఇవ్వాలా? రంగు ఐదేళ్లు నిలుస్తుందని ఇద్దరూ ఒప్పుకుంటే, నాలుగేళ్ల విలువ ఇప్పటికే తీరిపోయింది. మిగిలిన ఒక్క ఏడాది విలువ రూ.1,000 మాత్రమే అద్దెదారు భాగం. పగిలిన కిటికీ అద్దానికి రూ.400, విద్యుత్తు బకాయి రూ.640 కలిపితే మొత్తం రూ.2,040. యజమాని తిరిగి ఇవ్వాల్సింది రూ.12,960.

ఇది చట్టంలో రాసి ఉన్న లెక్క కాదు. కానీ పాత వస్తువు పాడైతే కొత్త వస్తువు ధర రాబట్టుకోవడం న్యాయం కాదన్న సూత్రం మీద నిలిచిన లెక్క. మినహాయించే ప్రతి రూపాయికీ రశీదో, పనివాడి అంచనా కాగితమో చూపాలి. ‘రిపేర్ల కింద ఐదు వేలు’ అని గుండుగుత్తగా రాస్తే ఒప్పుకోనక్కర్లేదు.

మాట కుదరకపోతే..

ఎంత రాసుకున్నా కొన్నిసార్లు పేచీ తప్పదు. అప్పుడు తాళాలు ఇవ్వకుండా ఇంటిని పట్టుకుని కూర్చోవడం అద్దెదారుకు మేలు చేయదు. ఆ రోజులకూ అద్దె పడుతుంది. ఇల్లు అప్పగించి, అప్పగించినట్లు రాతపూర్వక ఆధారం తీసుకుని, సొమ్ము కోసం వేరుగా అడగడమే తెలివైన మార్గం. యజమాని తాళాలు పుచ్చుకోనంటే సాక్షుల సమక్షంలో ఫొటోలు తీసి, స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి. నష్టం జరిగిందని ఎవరు ఆరోపిస్తే వారే రుజువు చేయాలన్నది సాక్ష్య చట్టపు మూలసూత్రం.

అద్దె వ్యవహారాలపై రాష్ట్రంలో 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం స్థానంలో 2017లో కొత్త అద్దె చట్టం తెచ్చారు. తగాదా ఎవరి ముందుకు వెళ్లాలన్నది దాని స్వభావాన్ని బట్టి ఉంటుంది. సొమ్ము రాబట్టుకునే దావాకు సాధారణంగా మూడేళ్ల కాలపరిమితి ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి.

అయితే ఐదారు వేల రూపాయల కోసం ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగడం ఎవరికీ గిట్టదు. దీనికి చక్కని ప్రత్యామ్నాయం లోక్ అదాలత్. శ్రీకాకుళం, విజయనగరం జిల్లా న్యాయస్థానాల ప్రాంగణాల్లోని న్యాయ సేవాధికార సంస్థలకు తెల్ల కాగితం మీద అర్జీ ఇచ్చుకోవచ్చు. టెక్కలి, సోంపేట, బొబ్బిలి, పార్వతీపురం వంటి పట్టణాల వారు తమ దగ్గరి న్యాయస్థానంలోని మండల న్యాయ సేవాధికార సంఘాన్ని ఆశ్రయించవచ్చు. దావా వేయకముందే రాజీకి ప్రయత్నిస్తారు. కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే లోక్ అదాలత్ ఇచ్చే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. దానిపై అప్పీలు ఉండదు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, వరదలు, విపత్తుల బాధితులు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. సలహా కోసం 15100 నెంబరుకు ఫోను చేయవచ్చు.

విదేశాల్లో తప్పనిసరి

పిల్లలు చదువు కోసం విదేశాలకు వెళ్తే అక్కడి అద్దె పద్ధతులు మనవారికి వింతగా తోస్తాయి. ఇంగ్లండులో ఇలాంటి నివాస అద్దెల అడ్వాన్సును యజమాని రక్షణ లేకుండా తన దగ్గర ఉంచుకోవడం కుదరదు. 2007 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం గుర్తించిన పథకం కింద దానికి రక్షణ కల్పించాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో అద్దెదారు వెళ్లిన 21 రోజుల్లోగా కోతల వివరాలతో సహా మిగిలిన సొమ్ము పంపాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి అక్కడ ఖాళీ అయిన ఇంటిని యజమాని ఫొటోలు తీయడమూ చట్టం విధించిన బాధ్యతే. ఫ్రాన్సులో దిగేటప్పుడు ఒకసారి, వెళ్లేటప్పుడు ఒకసారి ఇంటి స్థితిని రాసి సంతకాలు చేయడం పరిపాటి. అక్కడ చట్టం ఒత్తిడితో జరిగేది ఇక్కడ మన ఇష్టంతో చేసుకోవచ్చు.

అడగడానికి మొహమాటం వద్దు

‘అంత నమ్మకం లేదా బాబూ’ అని యజమాని అంటారేమోనన్న మొహమాటంతోనే చాలామంది కాగితం మాట ఎత్తరు. నిజానికి నమ్మకం ఉన్నప్పుడే ఈ కాగితం తేలికగా రాయవచ్చు. అది చెడిన తర్వాత రాయడానికి ఎవరూ కూర్చోరు. పొలం కౌలుకిచ్చినా, బంగారం తాకట్టు పెట్టినా చీటీ రాసుకునే మనం, వేల రూపాయల అడ్వాన్సు ముడిపడిన ఇంటి విషయంలో నోటిమాటతో సరిపెట్టుకుంటున్నాం.

అరగంట సమయం, రెండు కాగితాలు, నాలుగు సంతకాలు. ఇంతే ఖర్చు. ఇవి ఉంటే అద్దెదారు అడ్వాన్సు సొమ్ముతో నేరుగా కొత్త ఇంటికి వెళ్తారు. యజమాని మర్నాడే ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ బోర్డు నిశ్చింతగా తగిలించుకుంటారు. వచ్చే ఏడాది బజారులో ఎదురైతే ఇద్దరూ ముఖం తిప్పుకోకుండా ‘బాగున్నారా’ అని పలకరించుకునే వీలూ ఉంటుంది.